బొమ్మ ఎవరికొస్తే వాళ్లే కేకు తేవాలి

కొరీన్‌కి పెళ్లయి ఇంకా మూడు నెలలు నిండలేదు. పొద్దున్నే కళ్లు తెరిచి, పక్కన గురకపెడుతున్న మనిషిని చూసి ఒక్క క్షణం తికమకపడి, వెంటనే గుర్తొచ్చి, దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకునే రోజులవి. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదానిమీద ఒకటి వాలి ఉంటే చాలు, ఆ పూటంతా ఆమెకి పండగే. లాఫయెట్‌లో వాళ్లు అద్దెకు తీసుకున్న ఇంట్లో వేడినీళ్లు సగం స్నానానికే అయిపోయేవి. దానికీ ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

మొగుడి పేరు అల్సిడ్. సముద్రంలో నూనె బావుల మీద వెల్డరు. రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇంట్లో. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆమెని పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు. ఆ ఊళ్లో మగాళ్లందరూ పెళ్లాల్ని ముద్దుగా పిలిచినట్టే "షా" అనేవాడు. "షా, కాఫీ", "షా, నా సాక్సు", "షా, ఇటు రా ఒకసారి".

ఇంత సంతోషంలోనూ కొరీన్ గుండెలో ఒక ముల్లు గుచ్చుకునే ఉంది. ఫార్మసీ కాలేజీలో అది ఆఖరి ఏడాది. చదువయ్యాక ఆసుపత్రి వార్డుల్లో డాక్టర్ల పక్కన నిలబడి ఎవరికి ఏ మందు ఎంతో చెప్పే పని చెయ్యాలంటే, ముందు ఒక ఏడాది రెసిడెన్సీ చెయ్యాలి. అది దొరక్కపోతే బతుకంతా ఏదో ఒక షాపులో కౌంటరు వెనకాలే. కొరీన్‌కి వార్డు రుచి తెలుసు. పోయిన వేసవిలో చదువులో భాగంగా ఐసీయూలో తిరుగుతున్నప్పుడు, మత్తుగా పడి ఉండే ఒక ముసలమ్మకి ఫలానా మందు తగ్గిస్తే లేస్తుందేమోనని భయంభయంగా అంది. మర్నాడు ఆ ముసలమ్మ లేచి కూర్చుని, జావ చల్లారిపోయిందని కొరీన్‌నే నిలబెట్టి కడిగేసింది. ఆ తిట్లు తింటూ కొరీన్ పొంగిపోయింది. ఆ రోజే తేల్చుకుంది, నా చోటు ఇదేనని.

తేల్చుకోవడం వరకూ బాగానే ఉంది. మిగతాదే తిన్నగా లేదు. తోటి పిల్లలంతా మొదటి ఏడాది నుంచీ సాయంత్రాలు ఆసుపత్రుల్లో పని చేస్తుంటే, కొరీన్ సాయంత్రాలు అల్సిడ్‌తో డాన్సు హాళ్లకి పోయింది. ఆమె చేసిన పనల్లా పక్కనున్న చిన్న ఊరు బ్రో బ్రిడ్జ్‌లో బాప్తిస్మం నాడు తనని ఎత్తుకున్న జ్ఞానతల్లి మందుల షాపులో రెండు వేసవులు నిలబడటం. ఆ షాపులో దగ్గుమందూ, రొయ్యల వలలూ ఒకే కౌంటరు మీద అమ్మేవాళ్లు. ఇక అప్లికేషన్లు పంపే కాలంలో పెళ్లి. పెళ్లి తర్వాత హనీమూన్‌కి గల్ఫ్ షోర్స్ సముద్రతీరం. ఇసకలోంచి లేచి ఇంటికొచ్చి చూసుకుంటే అన్ని ఆసుపత్రుల గడువులూ దాటిపోయాయి. ఊళ్లోనే ఉన్న సెయింట్ ఆడిలియా ఆసుపత్రి ఒక్కటే ఒక వారం పొడిగించింది. అక్కడున్నది ఒకే ఒక్క సీటు. ఆఖరి రోజు సాయంత్రం పంపింది. రాదనుకుంది. ఇంటర్వ్యూకి రమ్మన్నారు.

ఫిబ్రవరి మొదట్లో ఒక శుక్రవారం. చొక్కా అల్సిడ్ ఇస్త్రీ చేశాడు. కాలరు మీద గోధుమరంగు మరక పడింది.

"ఏం కాదు షా, జుట్టు వదిలేసుకో, కనపడదు."

"ఇనప చువ్వలు అతికించేవాడికి చొక్కా ఇచ్చాను చూడు, నన్ననాలి!" అని కొరీన్ ఆ మరక మీదే చెయ్యి వేసుకుని కారెక్కింది.

రెసిడెన్సీ చూసుకునే డైరెక్టరు డాక్టర్ వెర్నా ప్రెజాన్. పొట్టి మనిషి, తెల్ల కోటు, ముక్కు చివరికి జారిన కళ్లద్దాలు. ఆ అద్దాల మీంచి చూస్తే ఎదుటివాళ్ల వీపు కనపడుతుందా అన్నట్టుండేది.

"అయితే మిసెస్ మెలాన్సన్, ఆఖరి రోజు సాయంత్రం పంపావు."

"అవును మేడమ్."

"ఏం, కంప్యూటర్ చెడిందా, ఇంట్లో ఎవరైనా పోయారా? మామూలుగా ఆ రెండిట్లో ఒకటి చెప్తారు."

"పెళ్లయింది మేడమ్. గల్ఫ్ షోర్స్ వెళ్లాం."

"ఓహో. ఇది కొత్తది. అలలు బాగున్నాయా?"

"బాగున్నాయి మేడమ్," అనేసింది కొరీన్. అన్నాక నాలుక కరుచుకుంది.

ప్రెజాన్ కాగితం తిప్పింది. "అనుభవం. రెండు వేసవులు, బ్రో బ్రిడ్జ్. మిగతావాళ్లు నాలుగేసి ఏళ్లు ఆసుపత్రుల్లో నలిగి వచ్చారు. మా దగ్గరే పనిచేసే టేటమ్ కూడా ఈ సీటుకే అప్లై చేసింది, కళ్లకు గంతలు కట్టినా ఏ మందు ఏ అరలో ఉందో చెప్తుంది. నువ్వేం నేర్చుకున్నావు ఆ షాపులో, వల విప్పడమా?"

"మనిషి ఏ మాత్ర వేసుకుంటున్నానని చెప్తాడో, నిజంగా ఏది వేసుకుంటాడో, ఆ తేడా కనిపెట్టడం మేడమ్."

ప్రెజాన్ పెన్ను ఆగింది. తల ఎత్తకుండానే ఒక కేసు చెప్పింది. కిడ్నీలు సరిగ్గా పనిచెయ్యని ముసలాయన, రక్తం గడ్డకట్టకుండా రోజుకి రెండు ఇంజెక్షన్లు రాశారు, ఏం చేస్తావు?

"రోజుకి ఒకటి చాలంటాను. కానీ ముందు ఆయన బరువు ఇవాళ తూచిందా, ఆయన నోటితో చెప్పిందా అని అడుగుతాను. లెక్కంతా దాని మీదే కదా. మా షాపుకొచ్చే మగాళ్లు పెళ్లినాటి బరువే చెప్తుంటారు."

ప్రెజాన్ నవ్వలేదు. కానీ ఏదో రాసుకుంది, కాస్త పొడుగ్గానే.

ఇంటర్వ్యూ అయ్యాక ఫార్మసీ వెనక టీ గదికి తీసుకెళ్లారు. మార్డి గ్రా పండగ దాకా ఊళ్లో ఏ ఆఫీసులో చూసినా ఉండేదే అక్కడా ఉంది. బల్ల మీద ఊదా, పచ్చ, బంగారు రంగుల పంచదార చల్లిన పెద్ద గుండ్రటి కింగ్ కేకు. లోపల ఎక్కడో చిటికెనవేలంత ప్లాస్టిక్ పసిబొమ్మ.

"ఈ ఫార్మసీలో నేను పెట్టిన రూల్సు ఏడాదికోసారి మారతాయి," అంది ప్రెజాన్ అందరికీ వినపడేలా. "ఇదొక్కటే మారదు. బొమ్మ ఎవరికొస్తే వచ్చే శుక్రవారం కేకు వాళ్లే తేవాలి. పోయిన వారం నాకే వచ్చింది. జేబుకి చిల్లు."

అందరూ నవ్వారు. కేకు కోస్తున్నది ఆ టేటమే. పొడుగాటి పిల్ల, మాట మెత్తన, నవ్వితే బుగ్గలు సొట్టలు పడేవి. "కొత్తవాళ్లకి ముందు," అంటూ ఒక ముక్క కొరీన్ చేతిలో పెట్టింది. రెండో కొరుకులో కొరీన్ పంటికింద గట్టిగా తగిలింది.

"దొరికిపోయింది! దొరికిపోయింది!" అని చప్పట్లు కొట్టారు. ప్రెజాన్ కూడా పెదాలు సాగదీసి నవ్వింది.

"ఇంకేముంది, వచ్చే శుక్రవారం మళ్లీ రావలసిందే," అంది టేటమ్.

కొరీన్ ఆ బొమ్మని రుమాల్లో చుట్టి పర్సులో పెట్టుకుంది. దారి పొడుగునా సిగ్నలు పడినప్పుడల్లా పర్సు తెరిచి చూసుకుంది.

"అయితే వచ్చేసినట్టే!" అన్నాడు అల్సిడ్, ఆమెని ఎత్తి గిరగిర తిప్పి. "వద్దనుకునే మనిషిని ఎవరైనా మళ్లీ కేకు పట్టుకుని రమ్మంటారా?"

"వాళ్లు సరదాకన్నారేమో."

"బొమ్మ సరదాకి వస్తుందా? బొమ్మ తిని కేకు ఎగ్గొట్టినవాళ్లని మన ఊళ్లో ఏమంటారో తెలీదా నీకు? మా బాబాయి ఒక్కసారి ఎగ్గొట్టాడు, ఇప్పటికీ ఆయన్ని చూస్తే పిల్లలు కూడా నవ్వుతారు."

అదీ నిజమే. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన కొరీన్‌కి వేరే ఆలోచనే రాలేదు. బొమ్మని బాత్రూములో బ్రష్షుల గ్లాసు పక్కన నిలబెట్టింది. పళ్లు తోముకుంటూ రోజూ దానికి గుడ్ మార్నింగ్ చెప్పింది.

గురువారం మధ్యాహ్నం ఇద్దరూ కలిసి కేకు చేశారు. కొనొచ్చు. కానీ కొనబుద్ధి కాలేదు. పిండి పొంగడానికి స్టవ్ పక్కన పెట్టి, అది పొంగిందా లేదా అని అల్సిడ్ నిమిషానికోసారి గుడ్డ ఎత్తి చూస్తుంటే, "బిడ్డ నిద్రపోతోంది, లేపకు" అని కొరీన్ చేతిమీద కొట్టింది. దాల్చినచెక్క వాసన ఇల్లంతా నిండి కర్టెన్లకి పట్టింది. వెల్డింగు చేసే ఆ మోటు వేళ్లతో అల్సిడ్ పిండిని మూడు పాయలు జడ అల్లితే, అది పాపం వంకరటింకరగా వచ్చింది. పంచదార చల్లుతూ చల్లుతూ ఒకరి మొహానికి ఒకరు పూసుకున్నారు. అతని కనుబొమ్మ పచ్చగా మెరిసింది. రేపు వెళ్లిపోతాడన్న దిగులు ఆ పచ్చ కనుబొమ్మ చూసి కాసేపు మర్చిపోయింది కొరీన్.

కేకు చల్లారాక అల్సిడ్ దాన్ని పక్కకి వంచి పట్టుకున్నాడు. కొరీన్ అడుగు నుంచి చిన్న గాటు పెట్టి బొమ్మని లోపలికి తోసింది.

"తోసినవాళ్లకి తెలిసిపోతుంది కదా, ఎక్కడుందో," అంది.

"మరి? మా నాన్న ఏటా చూసి చూసి మా పిసినారి బాబాయి ముక్కలోకే తోసేవాడు. నువ్వు మీ ప్రెజాన్ మేడమ్‌కి వచ్చేట్టు చూడు. మళ్లీ ఆవిడ జేబుకి చిల్లు!"

కొరీన్ పడీపడీ నవ్వి, బొమ్మ ఉన్నచోట పైన పచ్చ పంచదార ఒక చిటికెడు ఎక్కువ వేసింది, గుర్తుకి.

శుక్రవారం పొద్దున్న అల్సిడ్ హెలికాప్టర్ అందుకోవడానికి బయల్దేరుతూ, కేకు పెట్టెని ఆమె కారు ముందుసీట్లో పెట్టి దానికి బెల్టు కట్టాడు. "జాగ్రత్త, మెల్లగా నడుపు, మన ఉద్యోగం కూర్చుంది అక్కడ," అని పెట్టెని ముద్దుపెట్టుకున్నాడు. ఆమె తన బుగ్గ కూడా చూపించాక దాన్నీ పెట్టుకున్నాడు.

ఫార్మసీ తలుపు తీసింది టేటమ్. పెట్టె చూసి కళ్లు ఇంతింత చేసింది.

"అయ్యో! నిజంగానే తెచ్చావా?"

"బొమ్మ నాకే వచ్చిందిగా."

"ఎంత మంచిదానివే నువ్వు! ఇటివ్వు, లోపల పెడతా. ఉండు, మేడమ్‌కి కూడా చెప్పొస్తాను." టేటమ్ పెట్టె అందుకుని గదిలో పెట్టి, చేతులు తుడుచుకుని, గబగబా ప్రెజాన్ ఆఫీసులోకి వెళ్లింది. రెండు మాటలంత సేపట్లో బయటికొచ్చి, "నిన్ను రమ్మంటున్నారు," అంది, సొట్టలు పడేలా నవ్వుతూ.

కొరీన్ జుట్టు సవరించుకుని లోపలికి వెళ్లింది. ప్రెజాన్ కూర్చోమనలేదు.

"ఏమిటది బయట?"

"కేకు మేడమ్. పోయిన శుక్రవారం బొమ్మ నాకు..."

"డిసెంబరులో కంప్యూటర్లో మీటింగు పెట్టాం. అప్లై చేసే వాళ్లందరికీ. అందులో నేను చెప్పిన మొదటి మాట ఏమిటో తెలుసా?"

"నేనప్పుడు లేను మేడమ్."

"అవును. అలల్లో ఉన్నావు." ప్రెజాన్ కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది. "ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లు, మేం సీటుకి ఎవరు ముందో ఎవరు తర్వాతో పేర్ల వరస పంపేదాకా, మాకు ఏదీ ఇవ్వకూడదు. పువ్వు ఇవ్వకూడదు, పెన్ను ఇవ్వకూడదు. ఇస్తే పేరు తీసేస్తాం. ఎందుకో ఎవరూ అడగలేదు. ఆసుపత్రిలో నాలుగు రోజులు పనిచేసిన ఎవరికైనా తెలుస్తుంది. మందుల కంపెనీ మనిషి ఇచ్చే కాఫీ కూడా తాగం మేం. రొయ్యల వలల షాపులో అవన్నీ ఎవరు చెప్తారులే."

"మీరే అన్నారు మేడమ్. ఈ ఒక్క రూలు మారదు, బొమ్మ ఎవరికొస్తే..."

"అన్నాను. నా ఉద్యోగులతో అన్నాను. నువ్వు నా ఉద్యోగివా?"

"మీరు నవ్వారు కూడా."

"ప్లాస్టిక్ బొమ్మ కొరికి బిత్తరపోయిన మొహాన్ని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది."

"తీసుకెళ్లిపోతాను మేడమ్. ఎవరూ ముట్టుకోకముందే. తేనట్టే అనుకోండి. నాకు నిజంగా తెలీదు."

"తెలీకపోవడమే కదా మొదటి నుంచీ నీ అర్హత." ప్రెజాన్ గొంతు పెంచలేదు. మందు పొట్లం మీద మోతాదు చదివినంత సాఫీగా ఉంది. "టేటమ్ వచ్చి నాకు చెప్పింది. చెప్పాక నాకు తెలీనట్టు ఉండటం కుదరదు. నీ పేరు తీసేస్తున్నాను. మధ్యాహ్నానికి ఉత్తరం వస్తుంది."

కొరీన్ తలుపు వైపు తిరిగింది.

"ఇంకొకటి చెప్పనా?" ప్రెజాన్ అద్దాలు మళ్లీ పెట్టుకుంటూ అంది. "మామూలుగా చెప్పకూడదు. నువ్విప్పుడు వరసలో లేవు గనక ఫరవాలేదు. ఇందాకటిదాకా నీ పేరు టేటమ్ పేరుకి పైనుంది."

"పైన... అంటే..."

"పైన అంటే పైనే. ఆ ముసలాయన బరువు ఎప్పుడు తూచారని ఇంకెవరూ అడగలేదు. సరే, వెళ్లేటప్పుడు ఆ పెట్టె మర్చిపోకు. మా వాళ్లు ముట్టుకుంటే దానికింకో తలనొప్పి."

ఆ చివరి మాట లేకపోయినా బాగుండేది. ఉందని తెలీకుండా పోవడం వేరు, పోయాక ఏది పోయిందో చూపించడం వేరు. కొరీన్ బయటికొచ్చి తలుపు వేసింది. వెయ్యేటప్పుడు కూడా చప్పుడు కాకుండా వేసింది. అలవాటు.

టీ గదిలో సగం కేకు అప్పటికే అయిపోయింది. షిఫ్టు మారే వేళ కదా, వచ్చినవాళ్లు వచ్చినట్టు తలో ముక్కా కోసుకుని వెళ్లిపోయారు. టేటమ్ ఒక్కతే బల్ల అంచున కూర్చుని తింటోంది. పెదాలు ఊదారంగు.

"మేడమ్ ముట్టుకోవద్దన్నారు," అంది కొరీన్.

"నాకింకా చెప్పలేదుగా." టేటమ్ వేలు నాక్కుంది. "బాగుంది. కొంచెం పొడిగా ఉందంతే. ఇంట్లో చేశావా? ఇది చూడు!"

అరచెయ్యి చాపింది. మధ్యలో బొమ్మ. ముక్క మీద పచ్చ పంచదార ఎక్కువగా ఉన్న వైపే కొరుకులున్నాయి.

"నాకే వచ్చింది. వచ్చే శుక్రవారం నేను తేవాలి ఇక."

కొరీన్ ఆ బొమ్మని చూస్తూ నిలబడింది. దాని అడుగున దాల్చినచెక్క పొడి అంటుకుని ఉంది. నిన్న తన వేలితో కింద నుంచి తోసింది గుర్తొచ్చింది. తోసినవాళ్లకి తెలిసిపోతుంది కదా అని తనే అంది. అని నవ్వింది.

"పోయిన వారం కేకులో బొమ్మ ఎవరు పెట్టారు టేటమ్?"

"నేనే. ఎప్పుడూ నేనే."

"ఏ ముక్కలో ఉందో నీకు తెలుసు."

"తెలీకేం?" టేటమ్ మొహంలో దాపరికం ఏమీ లేదు. స్నేహితురాలికి చెప్పినట్టే చెప్పింది. "ఇంటర్వ్యూకి వచ్చిన అందరికీ బొమ్మ ఉన్న ముక్కే ఇచ్చాను. రోజుకొకరు వచ్చారు, రోజుకో కేకు. శుక్రవారం కాని రోజుల్లో చిన్నవి నేనే తెచ్చేదాన్ని. అందరూ నవ్వి, బొమ్మని ప్లేటులోనే వదిలేసి వెళ్లారు. తెచ్చింది నువ్వొక్కదానివే. నిజం చెప్పొద్దూ, నువ్వూ తేవనుకున్నాను. ఎవరో ఒకరు తెస్తారేమో చూద్దామని, అంతే."

"అంతేనా."

"నాలుగేళ్లుగా ఇక్కడ అరలు తుడుస్తున్నానే నేను. నువ్వెప్పుడొచ్చావు? ఆఖరి రోజు." బొమ్మని కోటు జేబులో వేసుకుని లేచింది. ప్లేటు చెత్తబుట్టలో పడేసి, కొరీన్ భుజం తట్టింది. "కాలరు మీద ఏదో మరకయింది చూడు, పోయిన వారం కూడా ఉంది," అని తలుపు తీసుకుని ఫార్మసీలోకి వెళ్లిపోయింది.

కొరీన్ మిగిలిన సగం కేకు పెట్టెలో పెట్టి మూత వేసింది. అల్సిడ్ అల్లిన జడ కొస ఒకటి బయటికి పొడుచుకొస్తే లోపలికి నొక్కింది. కారులో కూర్చోగానే ఫోను మోగింది. వెనకనుంచి హెలికాప్టర్ రెక్కల హోరు.

"షా! ఎక్కించేస్తున్నారు, ఇక సిగ్నలుండదు. తొందరగా చెప్పు! తిన్నారా?"

"తిన్నారు."

"బాగుందన్నారా?"

"బాగుందన్నారు." పెట్టె మూత సర్దుతూ, "కొంచెం పొడిగా ఉందన్నారు," అంది.

"అది నావల్లే, ఇంకో నిమిషం ముందు తియ్యాల్సింది! సర్లే. బొమ్మ మేడమ్‌కే వచ్చిందా?"

"లేదు. వేరే అమ్మాయికి."

"అయితే వచ్చే శుక్రవారం ఆ పిల్ల తేవాలి!" హోరు మీంచి అరిచాడు. గాలికి ఊపిరాడటం లేదు కానీ నవ్వు ఆగలేదు. "చూశావా, నీకింక వారవారం కేకులే! రెండు వారాల్లో వచ్చేస్తా, నాకో ముక్క దాచు. దాస్తావు కదూ?"

చెప్పేద్దామని నోరు తెరిచింది. అవతల ఎవరో అతని పేరు పెట్టి కేకేశారు. పద్నాలుగు రోజులు నీళ్ల మధ్య, ఇనుము మీద, నిప్పు పట్టుకుని పనిచేసే మనిషి.

"దాస్తాను," అంది.

ఫోను ఆగిపోయింది. ఆసుపత్రి గేటు దగ్గర కాపలాయన బయల్దేరమని చెయ్యి ఊపుతున్నాడు, వెనక ఇంకో కారు చోటు కోసం కాచుకుని ఉంది. కొరీన్ పక్కసీట్లో పెట్టె సరిగ్గా కూర్చోబెట్టి, దానికి బెల్టు కట్టి, బండి తీసింది.